అమ్మకు చెప్పకుండా బాప్తిస్మం తీసుకోవచ్చా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు 27 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నాన్న లేరు, ఇంట్లో అమ్మా నేనే. మూడేళ్ల క్రితం ఒక స్నేహితురాలితో మొదటిసారి చర్చికి వెళ్లాను. అప్పటి నుంచి ఆదివారం డ్యూటీ లేనప్పుడల్లా వెళ్తున్నాను, బైబిలు చదువుకుంటున్నాను. యేసు ప్రభువును నమ్మాను, ఇందులో నాకు సందేహం లేదు. వచ్చే నెల బాప్తిస్మాలు ఉన్నాయి, నా పేరూ రాశారు. నీళ్లలోకి దిగే ముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలని పాస్టరు గారన్నారు. మా ఆరాధన యూట్యూబులో లైవ్ వస్తుంది. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. మామూలుగా ఫరవాలేదు గానీ నలుగురిలో నిలబడితే మొదటి అక్షరమే పెగలదు. ఇదొక భయం. రెండోది, అమ్మకు తెలియదు. చర్చికి వెళ్తానని తెలుసు, ఏదో మనశ్శాంతి కోసమని అనుకుంటుంది. అమ్మకు సింహాద్రి అప్పన్న అంటే ప్రాణం. ఏటా గిరి ప్రదక్షిణకు నేనే తోడు వెళ్తాను. మా ల్యాబులో ఒక అక్క "మనసులో నమ్మితే చాలు, నోటితో చెప్పేదంతా జనం కోసం" అంటుంది. మరి రోమా 10:9లో నోటితో ఒప్పుకోవాలని ఉంది కదా? నోరు తిరగని నాలాంటివాళ్ల సంగతేమిటి? తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు సముద్రంలో ఇచ్చేయమని పాస్టరు గారిని అడగవచ్చా?
ఒక సోదరి, గాజువాక

సమాధానం: అడగవచ్చు, అమ్మా. పాస్టరు గారు సరేనన్నా అనవచ్చు. కానీ అడగవద్దని నా మాట. వయసులో చిన్నదానివి గనుక నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. రెండు భయాలను ఒకే మూటలో కట్టి పంపావు. మైకు భయానికి దారులున్నాయి, నేనే చూపిస్తాను. అమ్మ దగ్గర మాత్రం అడ్డదారి లేదు.

ముందు నువ్వడిగిన వచనం. రోమా 10:9ని చాలామంది రెండు షరతులుగా చదువుతారు. హృదయంలో నమ్మాలి, అది చాలదు గనుక నోటితో కూడా చెప్పాలి అని. ఒక్క వచనం పైకి వెళ్లి చదువు. 8లో పౌలు ద్వితీయోపదేశకాండం 30:14ని ఎత్తి చెబుతున్నాడు. దేవుని మాట ఎక్కడో ఆకాశంలో లేదు, సముద్రానికి అవతల లేదు, నీకు బహు దగ్గరగా ఉంది, నీ నోట ఉంది, నీ హృదయంలో ఉంది అని మోషే ప్రజలతో అన్న మాట అది. దాన్నే పౌలు విప్పి చెబుతున్నాడు. అందుకే 9లో నోరు ముందు, హృదయం వెనక వచ్చాయి. 10లో హృదయం ముందు, నోరు వెనక. పౌలుకు అవి రెండు మెట్లు కావు. ఒకే నమ్మకం లోపల ఉన్నప్పుడు ఒక పేరు, బయటికి వచ్చినప్పుడు ఇంకో పేరు. ఇంతకీ "ఆ మాట నీ నోట ఉంది" అన్న మోషే ఎవరనుకున్నావు? నిర్గమకాండం 4:10లో దేవుని ముందు నిలబడి, నాకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం అని బతిమాలుకున్న మనిషి. పౌలు రోమా సంఘానికి రాసిన మాట నోరు తిరగని మనిషి నోట వచ్చింది. నీ నత్తి ఆ వచనానికి బయట లేదు తల్లీ, దాని వేళ్లలోనే ఉంది.

సాక్ష్యం, ఒప్పుకోలు అనే మాటల్ని మనం కలిపేసి వాడుతున్నాం. నీ భయంలో సగం అక్కడి నుంచే వచ్చింది. సాక్ష్యమంటే మనకు అలవాటైన తీరు ఒకటుంది: పూర్వం నేను ఎలా ఉండేదాన్ని, ప్రభువు ఎలా పట్టుకున్నాడు, ఇప్పుడెలా ఉన్నాను. పది నిమిషాలు, పావుగంట. మంచిదే, వినేవాళ్లకు బలం. కానీ బాప్తిస్మానికి ముందు సంఘం మొదటి నుంచి అడిగింది ఆ కథను కాదు. అడిగింది ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు.

అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు ఎడారి దారిలో నీళ్లు చూసి, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటి అని అడుగుతాడు. ఫిలిప్పు, నీవు పూర్ణ హృదయంతో విశ్వసిస్తే పొందవచ్చునని, అతడు, యేసుక్రీస్తు దేవుని కుమారుడని విశ్వసిస్తున్నానని చెప్పే 37వ వచనం అన్నిటికంటే పాత చేతిరాత ప్రతుల్లో కనబడదు. అయితే రెండో శతాబ్దం చివర్లో రాసిన ఇరేనియస్ అనే బిషప్పుకు ఆ జవాబు తెలుసు. అంటే నీళ్ల ముందు అలా అడగడం, అలా చెప్పడం అంత పాతది. మూడో శతాబ్దానికి చెందినదని సాధారణంగా ఎంచే "అపొస్తలిక సంప్రదాయం" అనే నియమావళిలో మూడు ప్రశ్నలున్నాయి. తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా. నీళ్లలో నిలబడినవాడు మూడుసార్లూ ఒకే మాట అంటాడు: నమ్ముతున్నాను. మూడుసార్లూ ముంచుతారు. చర్చిలో మనం చెప్పుకునే అపొస్తలుల విశ్వాస ప్రమాణం ఇలాంటి బాప్తిస్మపు ప్రశ్నల నుంచి పెరిగినదే. ఆ ఒక్క మాటకు మైకు అక్కరలేదు. అది తడబడుతూ వచ్చినా, మూడోసారికి గానీ పెగలకపోయినా, అది పూర్తి ఒప్పుకోలే.

ఇక నీకు ప్రత్యేకంగా ఒక సంగతి. నత్తి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు, పాడేటప్పుడు మాట ఆగదు. స్పీచ్ థెరపీవాళ్లకు బాగా తెలిసిన విషయమే. నువ్వూ గమనించే ఉంటావు, కీర్తన పాడేటప్పుడు నీ నత్తి ఎటు పోతుందో. అందుకని పాస్టరు గారిని ఇలా అడుగు: "అయ్యగారూ, నేను విడిగా మాట్లాడలేను. బాప్తిస్మానికి ముందు సంఘమంతా లేచి విశ్వాస ప్రమాణం చెబితే వాళ్లతో పాటు నేనూ చెబుతాను. ఆ తర్వాత మీరు ప్రశ్న అడగండి, ఒక్క మాటలో జవాబిస్తాను." విశ్వాస ప్రమాణం వాడని సంఘమైతే ఒక కీర్తన పల్లవి చాలు. పురుషోత్తమ చౌదరి గారు 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన అక్కడ నీళ్ల ముందు ఏం మాట్లాడారో మనలో ఎవరూ వినలేదు, ఆయన కీర్తనలు మాత్రం తెలుగు సంఘాలు ఈనాటికీ పాడుకుంటున్నాయి. పాటగా వచ్చిన ఒప్పుకోలు ఏ విధంగానూ తక్కువది కాదు. ఇది కూడా కుదరకపోతే కాగితం మీద రాసివ్వు, ఒక పెద్దమ్మ చదువుతారు, నువ్వు పక్కన నిలబడు.

మీ ల్యాబు అక్క మాటకు వస్తాను. ఆమె అన్నదే నాలుగో శతాబ్దంలో రోములో ఒక పెద్దమనిషి అన్నాడు. పేరు విక్టోరినస్. గొప్ప వక్త, అలంకారశాస్త్రం బోధించేవాడు, ఊళ్లో ఆయన విగ్రహం కూడా పెట్టారు. ముసలితనంలో లేఖనాలన్నీ చదివి, సింప్లిసియానస్ అనే స్నేహితుడితో చాటుగా, నేనిప్పుడు క్రైస్తవుణ్ణే తెలుసా అనేవాడు. సంఘంలో నిన్ను చూస్తే తప్ప నమ్మను అనేవాడు స్నేహితుడు. అయితే గోడలు మనిషిని క్రైస్తవుణ్ణి చేస్తాయా అని ఈయన నవ్వేవాడు. ఈ సంగతి బిషప్ అగస్టీన్ తన "ఒప్పుకోలు" అనే పుస్తకం ఎనిమిదో భాగంలో రాశాడు. విక్టోరినస్‌ది నోటి భయం కాదు, పెద్ద పెద్ద స్నేహితులు దూరమవుతారన్న భయం. చివరికి ఒకరోజు తానే, పద, సంఘానికి పోదాం అన్నాడు. ఆ రోజుల్లో రోములో బాప్తిస్మం తీసుకునేవాళ్లు ఎత్తైన చోట నిలబడి విశ్వాసాన్ని కంఠతా చెప్పాలి. పెద్దలు ఆయనతో, మీరు కావాలంటే ఏకాంతంగా చెప్పవచ్చు అన్నారు. బిడియస్తులకు అలా అవకాశం ఇవ్వడం అక్కడి వాడుకే అని అగస్టీన్ స్పష్టంగా రాశాడు. విక్టోరినస్ వద్దన్నాడు, అందరి ముందే చెప్పాడు, జనం ఆయన పేరు పెట్టి సంతోషంతో కేకలు వేశారు.

జనం కేకలకంటే ఆ పెద్దలు ఇచ్చిన అవకాశం నాకు ముఖ్యం. బిడియపడేవాళ్లను వాళ్లు బాప్తిస్మానికి దూరం చేయలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దల ముందు చెప్పుకోనిచ్చారు. నీ నత్తికి ఆ వెసులుబాటు న్యాయంగా దక్కాలి, మీ పాస్టరు గారు ఇస్తారనే నా నమ్మకం. కానీ మనసులో ఉంచుకుని ఎవరికీ చెప్పకుండా ఉండడం అనేది ఆ పెద్దల జాబితాలో లేదు. సొంత చేతులతో ఎవరూ బాప్తిస్మం ఇచ్చుకోలేరు. ఇంకొకరి చేతిలో పడి మునగాలి, లేవాలి. కనీసం ఒక్కరికైనా తెలియకుండా జరగని సంగతి అది. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సి.ఎస్.ఐ., లూథరన్, కాథలిక్ సంఘాల్లో కూడా ప్రశ్నలకు తల్లిదండ్రులో జ్ఞాన తల్లిదండ్రులో పైకి జవాబు చెబుతారు. మాట లేని బాప్తిస్మం ఎక్కడా లేదు.

లైవ్ సంగతి నాకు కొంచెం బాధగానే ఉంది. బాప్తిస్మం జరిగినంతసేపూ కెమెరా ఆపమని అడిగే హక్కు నీకుంది, గట్టిగా అడుగు. సంఘం ఎదుట ఒప్పుకోవడమంటే, రేపు నీకు జ్వరమొస్తే గిన్నెలో జావ పట్టుకుని నీ గుమ్మం ఎక్కేవాళ్ల ఎదుట ఒప్పుకోవడం. నీ మాట విన్నందుకు వాళ్ల మీద ఒక బాధ్యత పడుతుంది. ఫోనులో వేలితో జరుపుకుంటూ పోయేవాళ్ల మీద ఏ బాధ్యతా పడదు. తన శిష్యుడు తిమోతి అనేక సాక్షుల ఎదుట మంచి ఒప్పుకోలు ఒప్పుకున్నాడని పౌలు రాశాడు. సాక్షి వేరు, ప్రేక్షకుడు వేరు.

కెమెరా అంటే నాకు ఇంత కోపం ఎందుకో చెబుతాను. ముప్ఫై ఏళ్లుగా బాప్తిస్మ తరగతి చెబుతున్నాను. ఒకసారి నా తరగతిలో ఒక కుర్రాడు నీలాగే, ఇంట్లో తెలియకుండా కానిచ్చేద్దామన్నాడు. అప్పుడు నేను గట్టిగా కాదనలేదు. కానిచ్చేశారు. ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో తిరిగి తిరిగి వాళ్ల వీధికి చేరింది. కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న తల్లికి పక్కింటావిడ చూపించింది. ఆ తల్లి తర్వాత మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. "ములిగినాడని కాదమ్మా నా ఏడుపు. ఈదంతా సూసినాక నాకు తెలిసింది. నాను ఆడికేటి కానా?" అంది. నా దగ్గర జవాబు లేదు. యేసు దేవుని కుమారుడని ఆ బిడ్డ రెండొందల మంది ఎదుట ఒప్పుకున్నాడు, తల్లికి ఒక్కదానికే చెప్పలేదు. ఆ తప్పులో నా పాలు ఉంది. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇందాక చెప్పిన ఆ పాత నియమావళిలోనే ఇంకో సంగతి ఉంది. బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లను పరీక్షించేటప్పుడు, వాళ్లను తీసుకొచ్చినవాళ్లను సంఘం ఇలా అడగాలట: నేర్చుకున్న కాలంలో వీళ్లు బాగా బతికారా? విధవరాండ్రను గౌరవించారా? రోగులను చూడబోయారా? నువ్వు రోజంతా రోగుల రక్తం పరీక్షించే పనిలోనే ఉన్నావు, ఆ ప్రశ్నకు జవాబుంది. విధవరాండ్ర ప్రశ్నకు మాత్రం, నీ ఇంట్లో, నీ ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చునే విధవరాలు ఒకామె ఉంది. ఆమెను దాటుకుని నీళ్ల దగ్గరికి వెళ్లకు.

నీకు ఆమె అనుమతి కావాలని నేననడం లేదు. 27 ఏళ్లదానివి, సంపాదించుకుంటున్నదానివి, నిర్ణయం నీది. యోహాను 9లో యేసు చూపునిచ్చిన పుట్టుగుడ్డివాడి తల్లిదండ్రులు, వాడు వయసొచ్చినవాడు, వాడినే అడగండి అంటారు. భయంతో అన్నా నిజమే అన్నారు. కావలసింది అనుమతి కాదు, మొదట ఆమెకు తెలియడం. తెలియడం కూడా నీ నోట తెలియడం.

ఎలా చెప్పాలో ఆ గుడ్డివాడి దగ్గరే నేర్చుకో. పెద్దలు యేసు గురించి వాదానికి దింపితే అతడు, ఆయన పాపియో కాదో నాకు తెలియదు, ఒకటి తెలుసు, గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. అంతే. నువ్వూ నీకు జరిగింది చెప్పు. అప్పన్న స్వామి గురించి ఒక్క మాట తీయకు. నీ పెళ్లి ఎలా, బంధువులు ఏమంటారు, నాన్న ఉంటే ఏమనేవారు అని ఆమె అడుగుతుంది. అన్నిటికీ ఆ రోజే జవాబులు ఉండాలని లేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చి అలసటతో చెప్పకు. సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, పక్కన కూర్చుని చెప్పు. అమ్మ దగ్గర నీకు నత్తి రాదనుకుంటాను. వచ్చినా, నీ మొదటి మాటలు ఎంత ఆలస్యంగా వచ్చాయో ఆమెకే తెలుసు, ఓపిగ్గా వింటుంది.

నువ్వు నేరుగా అడగలేదు గానీ నీ ఉత్తరంలో గిరి ప్రదక్షిణ ఊరికే రాలేదు. ఇక మీదట అమ్మతో నడవకూడదా అన్నది నీ మనసులో ఉంది. ఇందులో పాస్టర్లు ఒక్క మాట మీద లేరు, నాకు తోచింది చెబుతాను. రెండో రాజులు 5లో సిరియా సేనాధిపతి నయమాను ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్మాడు. నమ్మాక ప్రవక్త ఎలీషాను ఒకటి అడిగాడు: మా రాజు రిమ్మోను అనే దేవుడి గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఈ విషయంలో నన్ను క్షమిస్తాడా? ఎలీషా ప్రసంగం చేయలేదు. నెమ్మదిగా వెళ్లు అన్నాడు. మొక్కడం వేరు, ఆనుకునేవాళ్లకు చెయ్యి ఇవ్వడం వేరు. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టడం నీ పని కాదు, అది అమ్మతో ముందే చెప్పు. ముప్ఫై రెండు కిలోమీటర్లు ఆమె ఒంటరిగా నడవకుండా చూడడం మాత్రం నీ పనే. హనుమంతవాక దగ్గరో అప్పుఘర్ దగ్గరో మంచినీళ్లతో ఎదురుచూడు, తెల్లారి ఇంటికొచ్చాక కాళ్లకు నూనె రాయి. నాకు ఆ నూనెలో ఏ విగ్రహమూ కనబడదు.

అమ్మ కొంచెం ఆగమంటే ఆగు. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల అధికారికి నమ్మిన రాత్రే బాప్తిస్మం ఇచ్చారు, నిజమే. కానీ ఆ పాత నియమావళి ప్రకారం నేర్చుకునేవాళ్లు మూడేళ్లు ఆగేవాళ్లు, శ్రద్ధ ఉన్నవాళ్ల విషయంలో కాలం కంటే నడవడికే చూడాలని కూడా అందులోనే ఉంది. రెండు నెలలో, ఆరు నెలలో అంటే నష్టం లేదు. ఎప్పటికీ వద్దంటే మాత్రం ఒక తేదీ నువ్వే పెట్టుకుని, ఆ తేదీ ఆమెకు చెప్పు. దాచవద్దు.

నీ కులం నువ్వు రాయలేదు, నేనూ అడగను. కానీ నా తరగతికి వచ్చే ప్రతివాళ్లకూ ఈ మాట చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు ఉంది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడాన్ని ఒప్పుకోలేదు. ఈ చట్టం దళిత క్రైస్తవులకు న్యాయం చేయడం లేదని నా గట్టి అభిప్రాయం. అయినా ఉన్నది ఉన్నట్టు తెలుసుకునే నీళ్లలోకి దిగాలి. తర్వాత కాగితం మీద ఒకటి, నోట ఒకటి అని జీవితమంతా మోయడం చాలా బరువు. నీకు వర్తించకపోతే ఈ పేరా వదిలేయి.

సముద్రం మాట కూడా వద్దు. మన బీచ్‌లో కెరటం వెనక్కి లాగుతుంది, ఈత వచ్చినవాళ్లే పోతున్నారు. తెల్లవారుజామున చీకట్లో, చీర తడిసి బరువెక్కి, ఒక్క పాస్టరు గారితో లోపలికి దిగడం ప్రమాదం. చర్చిలో తొట్టి ఉంటే తొట్టే మేలు.

ఈ ఉత్తరం పాస్టరు గారికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. వచ్చే నెల అన్నావు గనుక ఈ వారంలోనే ఒక సెలవు చూసుకుని అమ్మ దగ్గర కూర్చో. "అమ్మా, ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలని..." అని మొదలుపెట్టు, తర్వాతి మాటలు వాటంతటవే వస్తాయి. ఆ ఆదివారం రమ్మని పిలువు. వస్తే ముందు వరసలో కూర్చోబెట్టి, నువ్వు నీళ్లలోంచి పైకి రాగానే తువ్వాలు అందించే పని ఆమెకే ఇమ్మని సంఘపు అక్కలతో చెప్పి ఉంచు. రాకపోతే, ఇంటికి తడి జుట్టుతోనే వెళ్లి ఆమె ముందు కూర్చో. చలి చేస్తుందేమోనని తుడవకుండా ఉండలేదు.